రెండు కార్లు, ఒక లీజు కాగితం



ఈసారి మసలా కార్లది. మతలబీగా మొదట్లోనే చెప్పేస్తాను: ఇది ఏ కంపెనీకీ తారీఫ్ కాదు, ఏ కంపెనీ మీదా షికాయత్ కాదు. మా ఇంట్లో మూడు వారాలుగా నడుస్తున్న మష్వరాలో నా రాయి నేను మీ ముందు పెడుతున్నాను. ఇలాంటి ఫైసలా మీ ఇళ్ళలోనూ రేపో మాపో వస్తుంది. మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో చేరారు. కంపెనీ వాళ్ళు "కారు లీజుకు తీసుకుంటారా?" అని మెయిల్ పంపుతున్నారు. పిల్లలు మనకి ఫోన్ చేసి "అబ్బా, ఏం చేద్దాం?" అంటున్నారు. అప్పుడు "నీ ఇష్టం బేటా" అని వదిలేస్తే బాగుండదు.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తుంది. మొదటి లీజు కారుకి మూడేళ్ళ మీయాద్ ఫిబ్రవరిలో పూర్తవుతుంది. అది మామూలు చిన్న కారు, తక్లీఫ్ ఏమీ పెట్టలేదు. ఇప్పుడు రెండోదానికి ఆమె చీటీ మీద రెండు పేర్లు రాసింది. ఒకటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. రెండోది 2024 జూన్‌లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్. రెండూ నాలుగు మీటర్ల లోపు హ్యాచ్‌బ్యాక్‌లే. రెండింటికీ టర్బో పెట్రోల్ ఇంజనే, 120 పీఎస్ తాఖత్.

చీటీ చూసి మా ఖాందాన్‌లో ఒకాయన "ఆడపిల్లకి అంత పికప్ బండి ఎందుకు?" అన్నారు. నా జవాబు ఒకటే. యాక్సిలరేటర్ నొక్కే పాదం మర్దుదా ఔరత్‌దా అని ఇంజనుకి తెలియదు. ఆమె మూడేళ్ళుగా హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకి నడుపుకుంటూ వస్తోంది. అల్‌హందులిల్లాహ్, బంపరుకి గీత కూడా పడలేదు. అడగాల్సింది ఎవరికి అని కాదు, ఎందుకు అని. షౌకా, జరూరతా?

మన పేటలో బండి అంటే మొదటి రెండు సవాళ్ళు తయారుగా ఉంటాయి: మైలేజీ ఎంత, రీసేల్ ఎంత. లారీలు, ట్రాక్టర్లు, జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లుల మధ్య పెరిగిన ఊరు మనది. బండి రూపాయి తెస్తుందా, రూపాయి తింటుందా అన్న హిసాబ్ మన నసల్లో ఉంది. ఆ హిసాబ్‌తో చూస్తే ఈ రెండు కార్లూ ఫెయిలే. తాఖత్ ఉన్న చిన్న కారు మన ముల్క్‌లో ఎప్పుడూ ఎక్కువ అమ్ముడుపోలేదు. 2001లో ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ వచ్చింది, నడిపినవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు చెబితే కళ్ళు పెద్దవి చేస్తారు, కానీ పెట్రోల్ తాగుతుందని బద్‌నామ్ అయ్యింది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015లో ఫియట్ అబార్త్ పుంటో, 2017లో మారుతీ బలేనో ఆర్ఎస్ వచ్చాయి. ఒక్కటీ ఇప్పుడు షోరూములో లేదు. 2016లో పోలో జీటీఐని బయటి ముల్క్ నుంచి తెచ్చి దాదాపు 26 లక్షలకి పెట్టారు, ఆ ఖీమత్‌కి మన దగ్గర పెద్ద ఎస్‌యూవీ వస్తుంది.

ఇంకో మాట. యూరప్‌లో అమ్మిన అసలు "ఐ20 ఎన్" వేరు. దానికి 1.6 లీటరు ఇంజను, 204 పీఎస్. మన దగ్గర ఉన్నది "ఎన్ లైన్", 1 లీటరు, 120 పీఎస్. ఒక్క "లైన్" అన్న లఫ్జ్‌లో 84 పీఎస్ మాయమైపోయింది. రేసర్ కూడా పేరుకే రేసర్. ఇవి రేసు కార్లు కావు. మామూలు ఇంటి కార్లకి కొంచెం ఎక్కువ జోర్ ఇచ్చారు, అంతే. ఈ మాట పిల్లలకీ పెద్దలకీ ఇద్దరికీ తెలియాలి. పిల్లలకి గురూర్ తగ్గుతుంది, పెద్దలకి ఖౌఫ్ తగ్గుతుంది.

మరి ఆ జోర్ దేనికి? మన రోడ్డే దీనికి జవాబు. హైదరాబాదు నుంచి నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా వచ్చేవాళ్ళకి నరసరావుపేట నుంచి పేట దాకా రోడ్డు ఎలా ఉంటుందో తెలుసు. సీజనులో పత్తి ట్రాక్టరు రోడ్డు సగం ఆక్రమించి పోతుంటుంది, వెనక రిఫ్లెక్టరు కూడా పత్తి కింద మూసుకుపోతుంది. మిర్చి టిక్కీలు నిండా వేసుకున్న లారీ 40లో పోతుంటుంది. దాన్ని దాటాలంటే ఎదుటి వరసలో ఉండే టైము ఎంత తక్కువైతే అంత ఖైరియత్.

ఇక్కడే టర్బో పనికొస్తుంది. మామూలు 1.2 లీటరు ఐ20కి గానీ ఆల్ట్రోజ్‌కి గానీ టార్కు సుమారు 115 ఎన్ఎం, అది కూడా ఇంజను గట్టిగా తిరిగితేనే. ఎన్ లైన్‌కి 172 ఎన్ఎం, 1,500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. రేసర్‌కి 170 ఎన్ఎం, 1,750 నుంచి. సైలెన్సరు వైపు పోయే పొగ గాలితో చిన్న ఫ్యాను తిరుగుతుంది, ఆ ఫ్యాను ఇంజనులోకి ఎక్కువ గాలి నెడుతుంది. అందుకే చిన్న ఇంజనైనా లారీ పక్కన గుక్క తిప్పుకోకుండా ముందుకి పోతుంది. నలుగురు మనుషులు, ఏసీ, డిక్కీలో సామాను ఉన్నప్పుడు ఈ ఫరక్ బాగా తెలుస్తుంది. దీన్ని నేను జరూరత్ అనే అంటాను.

కానీ అదే జోర్ నఫ్స్‌ని కూడా లేపుతుంది. "దాటగలను" అన్న ధీమా "దాటాలి" అన్న జిద్దుగా మారడానికి ఎక్కువసేపు పట్టదు. 2024 మేలో ఓట్లు వేసి హైదరాబాదు తిరిగిపోతున్న ప్రైవేటు బస్సు మన పేట దగ్గరే టిప్పరుని గుద్దుకుని కాలిపోయింది. ఆరుగురు పోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మన రోడ్డు మీద మనం ఎంత హోష్‌లో ఉన్నా, ఎదుటివాడి గలతీకి కూడా జాగా ఉంచుకోవాలని ఆ రాత్రి గుర్తు చేసింది. విభజన ఉన్న నాలుగు వరసల హైవే మీద కార్లకి 2018లో కేంద్రం పెట్టిన హద్దు గంటకి 100 కిలోమీటర్లు. ఈ రెండు కార్లకీ ఆ 100 నల్లేరు మీద బండి నడకే. అందుకే పికప్ ఎంత అని అడిగిన నోటితోనే బ్రేకు ఎంత, బాడీ ఎంత గట్టి అని అడగాలి.

ఇక ముఖాబ్లా చూద్దాం.

బ్రేకుల్లో ఎన్ లైన్ ముందుంది. నాలుగు చక్రాలకీ డిస్కులే. రేసర్‌కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 120 పీఎస్ ఇచ్చి వెనక డ్రమ్ము వదిలేయడం నాకు నచ్చలేదు, సాఫ్‌గా చెబుతున్నాను.

బాడీలో మాత్రం టాటాది పైచెయ్యి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు 2020 జనవరిలో ఆల్ట్రోజ్‌కి పెద్దల భద్రతలో 5 స్టార్లు ఇచ్చారు. 2022లో ఐ20కి 3 స్టార్లే వచ్చాయి, బాడీషెల్ స్థిరంగా లేదని కూడా రాశారు. ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి: ఆ రెండు పరీక్షలూ రెండు ఎయిర్‌బ్యాగుల మామూలు మోడళ్ళకి చేసినవి. ఇప్పుడు ఎన్ లైన్‌కీ, రేసర్‌కీ ఆరేసి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. అయినా ఎయిర్‌బ్యాగు తర్వాత చేర్చొచ్చు గానీ, ఇనుప ఢాంచా తర్వాత మారదు.

గేర్లలో మా అమ్మాయి దలీల్ గట్టిది. రేసర్‌కి ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే. ఎన్ లైన్‌లో ఆరు గేర్ల మాన్యువల్‌తో పాటు ఏడు గేర్ల డీసీటీ ఆటోమేటిక్ కూడా ఉంది. "అబ్బా, నెలకి ఒకసారి పేటకి వస్తాను, రోజూ మాత్రం గచ్చిబౌలి ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కాలి. మీరు పేట రోడ్డు చూసి ఓటేస్తున్నారు, నేను నా మోకాలు చూసి ఓటేస్తున్నాను" అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మాట నిజం.

అయితే మోకాళ్ళు ఆమెకొక్కదానికే లేవుగా! మా అమ్మీకి 78 ఏళ్ళు. ఆల్ట్రోజ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. షోరూములో ఆమె ఒకరి చెయ్యి పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. ఇలాంటివి బ్రోచరులో చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఇంట్లో మాత్రం రోజూ పనికొస్తాయి. డిక్కీ కూడా రేసర్‌ది 345 లీటర్లు, ఐ20ది 311. పచ్చడి జాడీలు, మిర్చి సంచి, మనవడి సైకిలు సర్దేవాళ్ళకి ఆ 34 లీటర్ల ఫరక్ ఎంతో తెలుసు. రేసర్ పై వేరియంట్లో ముందు సీట్లకి గాలి వస్తుంది. మే నెలలో మన పల్నాడు ఎండ తిన్నవాళ్ళెవరూ దాన్ని షోకు అనరు.

ఖీమత్: రేసర్ వచ్చినప్పుడు ఎక్స్‌షోరూం 9.49 లక్షల నుంచి 10.99 లక్షలు. ఎన్ లైన్ 2023 సెప్టెంబరులో కొత్త రూపంలో వచ్చినప్పుడు 9.99 లక్షల నుంచి మొదలైంది, డీసీటీ కావాలంటే అప్పుడు 11 లక్షలు దాటేది.

నా రాయి: మాన్యువల్‌కి తకరార్ లేకపోతే రేసర్. ఇంట్లో పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఎక్కే కారుకి గట్టి బాడీ, పెద్ద తలుపు, తక్కువ ఖీమత్ నాకు ముఖ్యం. రోజూ రెండు గంటలు సిటీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్ళకైతే ఎన్ లైన్ డీసీటీ కూడా జాయజ్ ఎంపికే, దాని బ్రేకులు చూసి నా దిల్‌కి తసల్లీ ఉంటుంది. రెండింట్లో ఏదైనా కుటుంబం మునిగిపోదు.

కుటుంబం మునిగేది కారుతో కాదు, కాగితంతో. ఇప్పుడు అసలు బాత్.

లీజు అంటే ఏమిటి? కారు లీజు కంపెనీ కొంటుంది. మన పిల్ల పనిచేసే కంపెనీ దాన్ని కిరాయాకి తీసుకుని పిల్లకి ఇస్తుంది. కిరాయా నెలనెలా తన్‌ఖా నుంచి, ఇన్‌కంటాక్సు లెక్క వేయకముందే కోసుకుంటారు. మామూలుగా మీయాద్ మూడు నుంచి ఐదేళ్ళు. ఆఖరులో కారు తిరిగి ఇచ్చేయొచ్చు, లేదా మిగిలిన ఖీమత్ కట్టి కొనుక్కోవచ్చు.

ఫాయిదా ఎక్కడుంది? 2024లో ఉన్న సర్కారు లెక్క ప్రకారం 1.6 లీటర్ల లోపు ఇంజను కారుని ఆఫీసు పనికీ సొంత పనికీ కలిపి వాడుకుంటూ, ఖర్చు కంపెనీ ఖాతాలో ఉంటే, ఉద్యోగి ఆమ్‌దనీలో నెలకి 1,800 రూపాయలే కలిపేవారు. మన రెండు కార్లూ ఆ హద్దులోనే ఉన్నాయి. మిసాల్‌కి కిరాయా 25,000 అనుకుందాం. 25,000 తీసేసి 1,800 కలిపితే, టాక్సు పడే ఆమ్‌దనీ 23,200 తగ్గింది. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి ఆ లెక్కన నెలకి సుమారు 7,000 మిగిలేది. చిన్న మొత్తం కాదు. కానీ 7,000 మిగిల్చుకోవడానికి 25,000 ఖర్చు పెడుతున్నామని కూడా గుర్తుంచుకోవాలి. కారు అవసరం లేనివాడికి ఇది బచత్ కాదు, ఇస్రాఫ్.

రెండో ఫాయిదా దిల్‌కి సంబంధించినది. మన ఇళ్ళలో చాలామంది సూద్ భయంతో బ్యాంకు లోను జోలికి పోరు. లీజు అంటే కిరాయాయే కదా, హలాలే కదా అని హాయిగా సంతకం పెట్టేస్తున్నారు. ఇక్కడ కొంచెం ఆగండి. ఇజారా మన షరీఅత్‌లో జాయజ్ అన్నది సహీ. కానీ కాగితం మీద "లీజు" అని రాసినంత మాత్రాన ప్రతీది ఇజారా అయిపోదు. కిరాయాతో మొదలై మిల్కియత్‌తో ముగిసే ఒప్పందాల మీద 2000 సెప్టెంబరులో రియాద్‌లో జరిగిన సమావేశంలో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఒక తీర్మానం చేసింది. దాని సారాంశం సాదాగా ఇది: కిరాయా వేరు, అమ్మకం వేరు, ఒకే వస్తువు మీద ఒకే టైములో రెండూ కలిపేయకూడదు. కిరాయా మీయాద్‌లో వస్తువు మాలిక్‌దే. అందువల్ల వాడుకునేవాడి తప్పు లేకుండా దానికి నుక్సాన్ జరిగితే ఆ బరువు మాలిక్ మొయ్యాలి.

ఈ తరాజూ పట్టుకుని మీ పిల్ల లీజు కాగితం చదవండి. నాలుగు సవాళ్ళు అడగండి.

ఒకటి: ఆర్‌సీలో మాలిక్ ఎవరు? కారు పూర్తిగా నాశనమైతే, ఇన్సూరెన్సు డబ్బు చాలకపోతే, మిగతాది ఎవరు కట్టాలి?

రెండు: సర్వీసు, టైర్లు, బ్యాటరీ కిరాయాలో కలిసి ఉన్నాయా? ఏడాదికి ఎన్ని కిలోమీటర్ల హద్దు? తిరిగి ఇచ్చేటప్పుడు ఏ గీతకి ఎంత కోస్తారు?

మూడు: కిరాయా ఒక నెల ఆలస్యమైతే దాని మీద వడ్డీ పడుతుందా? ఆఖరులో కొనడం మన మర్జీయా, లాజిమీయా?

నాలుగు: నౌకరీ పోతే ఏమవుతుంది?

మొదటి మూడింటి జవాబులు రాసుకుని మీకు ఏతెబార్ ఉన్న ముఫ్తీ సాబ్‌కి చూపించండి. ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉన్న బాబ్ ఇది, నాలాంటివాడు ఫత్వా ఇచ్చేది కాదు. కానీ కాగితం చూపించకుండా "లీజు జాయజా?" అని ఒక్క ముక్కలో అడిగితే, ఆయన మాత్రం ఏం చెప్పగలరు?

నాలుగో సవాల్‌కి మాత్రం ముఫ్తీ సాబ్ అక్కర్లేదు. మా బంధువుల అబ్బాయి ఒకడు ఐదేళ్ళ మీయాద్‌కి సంతకం పెట్టాడు. రెండో ఏడాదిలో అతని కంపెనీ మనుషుల్ని తగ్గించింది. తన్‌ఖా ఆగింది. కాగితంలో ఒక షర్తు ఉంది: నౌకరీ మధ్యలో ముగిస్తే ఉద్యోగి కారుని కొనుక్కోవాలి, లేదా తిరిగిచ్చి ముందుగా ముగించినందుకు హర్జానా కట్టాలి. చివరికి అమ్మీ నగలు తాకట్టు పెట్టారు. సూద్ నుంచి తప్పించుకోవడానికి లీజు తీసుకున్న ఇల్లు, ఆఖరికి సూద్ గడప తొక్కింది. ఆ షర్తు దాచిపెట్టిందేమీ కాదు, కాగితంలో ఉన్నదే.

అందుకే మా అమ్మాయితో నేను మూడు హద్దులు అనుకున్నాను. మీయాద్ మూడేళ్ళు దాటకూడదు. కిరాయా, పెట్రోలు కలిపి చేతికొచ్చే తన్‌ఖాలో ఆరో వంతు మించకూడదు. మధ్యలో ముగిస్తే ఎంత పడుతుందో లెక్క వేసి, ఆ రఖమ్ ముందే పక్కన పెట్టాలి. ఈ మూడింట్లో ఇమిడితే రేసరో, ఎన్ లైనో ఏదైనా సరే. ఇమడకపోతే మామూలు 1.2 ఇంజను కారు తీసుకుని, ఓపికగా లారీ వెనకే రావాలి. ఓపిక్కి కిరాయా లేదు.

ఇంకో ఫిక్ర్ కూడా ఉంది, చెప్పకపోతే ఈ రాత అధూరాగా ఉంటుంది. మన సమాజంలో కారు ఇజ్జత్‌కి కొలబద్ద అయిపోయింది. లీజు కారు ఇంటి ముందు నిలబెట్టి "మాదే" అని రిష్తాలు మాట్లాడుతున్నవాళ్ళు ఉన్నారు. "వాళ్ళబ్బాయికి కారుంది" అని జహేజ్ లెక్క పెంచుతున్నవాళ్ళూ ఉన్నారు. భాయీ, ఆర్‌సీలో పేరు కంపెనీది. మనది వాడుకునే హఖ్ మాత్రమే. లీజు కారు అమానత్. ఇంజను కంప్యూటరుకి బయట రీమ్యాప్ చేయించి తాఖత్ పెంచుకోవడం, సైలెన్సరు మార్చి మసీదు గల్లీలో అజాన్ టైముకి గుర్రుమనిపించడం అమానత్‌లో ఖయానతే. పైగా వారంటీ పోతుంది, తిరిగిచ్చేటప్పుడు జేబు ఖాళీ అవుతుంది.

అమానత్ అన్న నజర్‌తో చూస్తే లీజులో ఒక ఖూబీ కూడా కనిపిస్తుంది. తిరిగిచ్చేవాడికి రీసేల్ భయం లేదు. పేటలో మనం ఎప్పుడూ తర్వాతివాడికి నచ్చే రంగు, తర్వాతివాడికి నచ్చే కంపెనీ చూసి కొన్నాం. లీజులో మొదటిసారి మన ఇంటి మనుషులకి ఏది సహీగా కుదురుతుందో అదే చూసుకోవచ్చు. అమ్మీ మోకాలు, అమ్మాయి మోకాలు, రెండింటినీ తరాజూలో పెట్టొచ్చు.

ఫైసలా మా అమ్మాయిదే. కిరాయా ఆమె మెహనత్ నుంచి పోతుంది, స్టీరింగు ఆమె చేతిలో ఉంటుంది. నా ఓటు రేసర్‌కి వేశాను. ఆమె ఎన్ లైన్ అంటే దువా చేసి ముందు సీట్లో కూర్చుంటాను. మీకు నా గుజారిష్ ఒక్కటే: ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు కారు ఫోటోలు తర్వాత చూద్దాం, ముందు లీజు కాగితం పీడీఎఫ్ పంపమని అడగండి. మగ్రిబ్ తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. ఇంగ్లీషు రాకపోతే పిల్లల చేత తెలుగులో చెప్పించుకోండి. చెప్పేటప్పుడు వాళ్ళు ఎక్కడ తడబడతారో, అక్కడే అసలు షర్తు ఉంటుంది.

అల్లాహ్ మన పిల్లల సఫర్‌లో, రోజీలో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.